ప్రోట్రేల్లో ఏది నింపాలి: పీట్ మాసా, కోకోపీటా?

"అన్నా, పీట్ మాస్‌లో వేస్తే నారంతా కొలిచినట్టు ఒకే ఎత్తు వస్తాదంట గదా?" అని మొన్న కళ్యాణదుర్గం నుంచి వచ్చిన పిల్లోడు అడిగాడు. కొత్తగా షేడ్‌నెట్ వేసి ప్రోట్రేల్లో, అంటే గుంతలున్న ప్లాస్టిక్ ట్రేల్లో, టమాట, మిరప నారు పెంచాలని అతని ఆశ.

పీట్‌కు ఆ పేరు ఊరికే రాలేదు. చలిదేశాల చిత్తడి నేలల్లో నాచు చచ్చి, గాలి తగలక పూర్తిగా కుళ్లకుండా, వేల ఏళ్లు పొరలుగా పేరుకున్న సరుకది. తేలిగ్గా ఉంటుంది, నీళ్లు పట్టుకుంటుంది, ఉప్పు దాదాపు ఉండదు. పైగా పుల్లటి గుణం, సున్నం కలిపి గానీ వాడరు. మన బోరు నీళ్లు పోసేకొద్దీ ట్రేలోని మిశ్రమం క్షారం వైపు జరుగుతుంది, ఇనుము అందక లేత ఆకులు పసుపు పడతాయి. పీట్ పులుపు ఆ క్షారానికి కాస్త అడ్డుకట్ట వేస్తుంది. ఆ ఒక్క విషయంలో పీట్‌దే పైచేయి, ఒప్పుకోవాల్సిందే.

అయితే అనంతపురం ఎండ దానికి పడదు. మే నెలలో ఒక పూట కరెంటు పోయి మోటారు ఆడకపోతే చాలు, ట్రేలో పీట్ ఎండి కుదించుకుపోతుంది. ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా అంచుల వెంట జారిపోతాయి, వేరు దగ్గర పొడిపొడిగానే ఉంటుంది. కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు, ఎండినా మళ్లీ గటగటా తాగేస్తుంది. నాకైతే ఇక్కడే సగం తీర్పు అయిపోయింది.

మిగతా సగం, సరుకు ఎక్కణ్ణుంచి వస్తుందన్నది. పీట్ ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు మందమే పేరుకుంటుంది. మీటరు లోతు తవ్వితే వెయ్యేళ్ల పోగు పోయినట్టే. ఆ నేలల్లో దాగిన కార్బన్, ప్రపంచంలోని అడవుల చెట్లన్నిట్లో ఉన్నదానికంటే ఎక్కువ. అందుకే అక్కడ కట్టడి మొదలైంది. పెద్ద తవ్వకాలకు ప్లానింగ్ అనుమతి అక్కర్లేదన్న నిబంధనలను ఐర్లండ్ హైకోర్టు 2019లో కొట్టేసింది. 2021లో అక్కడి ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా తవ్వకం మానేసింది. నర్సరీల వాళ్లు మాత్రం ఆగలేదు, లాత్వియా నుంచి ఓడల్లో పీట్ తెప్పించుకున్నారు! ఇంగ్లండ్‌లో ఇంటి తోటల వాళ్లకు పీట్ అమ్మకం 2024 నుంచి ఆపేస్తామని 2022లో ప్రకటించారు. ఆ ఏడాది వచ్చి వెళ్లింది గానీ చట్టం రాలేదు. ఇలా ఊగిసలాడే సరుకు మీద మనం నర్సరీ నడపడం ఎందుకు?

అలాగని కోకోపీట్ గంగిగోవు కాదు. కొబ్బరి పొట్టులో సోడియం, పొటాషియం సహజంగానే ఉంటాయి. చవకగా వస్తోందని ఒకసారి ఒక వ్యాపారి దగ్గర కడగని దిమ్మలు తెచ్చాను. టమాట మొలకలు రెండాకులు వేసి, అంచులు మాడి అక్కడే నిలిచిపోయాయి. విత్తనాల ఖర్చు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

నీళ్లతో కడిగితే పైపై ఉప్పు పోతుంది. పొట్టు పట్టి ఉంచుకున్నది వదలాలంటే కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో నానబెట్టి మళ్లీ కడగాలి. అన్ని నీళ్లు మన దగ్గర ఎక్కడివి? ఉన్నా, ఉప్పు బోరుతో ఉప్పు కడిగితే ఏం లాభం? కాబట్టి రేటు ఎక్కువైనా కడిగి, కాల్షియంతో శుద్ధి చేసిన దిమ్మలే కొనాలి. 5 కిలోల దిమ్మ నానితే 60, 70 లీటర్ల దాకా ఉబ్బుతుంది, ట్రేకు పడే తేడా మరీ ఎక్కువేం కాదు.

ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపడమూ ఉంది. ఇంటి చేనుకు నాలుగు ట్రేలైతే సరే, అమ్మకానికి వద్దు. బరువు, కలుపు, నారుకుళ్లు, మూడూ వెంటపడతాయి.

పిల్లోడికి కోకోపీట్ అనే చెప్పాను. లోడు దించకముందే ఒక దిమ్మ నానబెట్టి, పిండిన నీళ్లలో ఉప్పెంతుందో చూపే ఈసీ మీటరు ముంచి చూడమన్నాను. 0.5 mS/cm లోపుంటే దించుకోవచ్చు, 1 దాటితే బండి వెనక్కి పంపేయడమే.