పాత వేట విల్లులు: రాయగడ ఎండలో, వానలో వాడాక

ఒడిశాలోని రాయగడలో మా ఇంటి గోడకున్న విల్లులన్నీ 1960, 70ల్లో అమెరికాలో వేట కోసం చేసిన రికర్వ్‌లు, అంటే కొసలు అవతలికి వంపు తిరిగిన విల్లులు. డల్లాస్‌లో ఉండే మా బావ అక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొని, ఇంటికొచ్చినప్పుడల్లా పీవీసీ గొట్టంలో పెట్టి ఒక్కొక్కటి తెచ్చాడు. వేట సంగతి ముందే చెప్పేస్తాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, నాకు ఆ సరదా కూడా లేదు. ఊరి బయట నాగావళి వైపు మామిడితోటలో గడ్డి మోపులు బిగించి కట్టి, పైన గోనెసంచి కప్పి దాని మీద బాణాలు వేస్తాను.

రికర్వ్ అనగానే మనవాళ్లకిప్పుడు విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ గుర్తొస్తాడు. పారిస్ 2024 ఒలింపిక్స్‌లో అతని చేతిలో ఉన్నదీ రికర్వే. కానీ దానికి గురి చూసే సైటు, సరిపడా లాగగానే టిక్కుమనే క్లిక్కరు, అదురు తగ్గించడానికి ముందుకి పొడుచుకొచ్చిన స్టెబిలైజరు, ఇంత సరంజామా ఉంటుంది. వేట విల్లుకి అవేవీ ఉండవు. మధ్యలో చెక్క పిడి, దాని పక్కన బాణం ఆనడానికి చిన్న మెట్టు, పైనా కిందా రెండు లింబులు, అంటే వంగే భాగాలు. లింబు లోపల మేపుల్ చెక్క పలుచని పొరలు, ముందూ వెనకా ఫైబర్‌గ్లాస్. కొసలు మనకి అవతలి వైపు తిరిగి ఉంటాయి. నారి ఎక్కించాక అది కొంతమేర ఆ వంపుల మీదే ఆనుకుని ఉంటుంది, లాగుతున్నకొద్దీ వంపు విచ్చుకుంటుంది.

దీని వల్ల ఏమవుతుందో నాకంటే బాగా చెప్పింది మా వైపు సంతకి వచ్చే ఒక కోందు గిరిజన తాత. ఆయన విల్లు వెదురుది, నారి కూడా వెదురు బద్దే. ఒకసారి తోటలోకి వచ్చి నా విల్లు తీసుకుని, అల్లాటప్పాగా కాకుండా చెవి దాకా లాగాడు. పార్వతీపురం వైపు పనులకెళ్లి నేర్చిన తెలుగులో, "బాబూ, ఇది ముందు గట్టిగా ఉంది, చివర్లో మెత్తబడింది. మాది ముందు మెత్తన, చివర్లో గట్టి" అన్నాడు. "ఏది బాగుంది తాతా?" అంటే, "విరిగితే నేను రేపు ఇంకోటి చేసుకుంటాను. నువ్వో?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. లాగుడు చివర్లో బరువు ఒక్కసారిగా పెరగకపోవడమే రికర్వ్ గొప్ప. గురి చూసి ఆగే ఆ క్షణంలో చెయ్యి వణకదు.

అయితే ఈ సుఖం అన్ని పాత రికర్వ్‌లలోనూ దొరకదు, పొడవుని బట్టి మారుతుంది. పొదల్లో, చెట్ల మీద మాటు వేసేవాళ్లకి అడ్డం రాకూడదని 48, 52 అంగుళాల పొట్టి విల్లులు చేశారు. నా దగ్గర 52 అంగుళాలది ఒకటుంది. పేరెందుకులే. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఇంటికి వచ్చినవాళ్లందరూ ముందు దాన్నే తీస్తారు. నేను లాగేది 27 అంగుళాలు. అంత వెనక్కి వచ్చేసరికి నారి కోణం బాగా సన్నబడి వేళ్లని నొక్కేస్తుంది, ఆఖరి అంగుళంలో బరువు గోడలా నిలబడుతుంది. పది బాణాలకే విసుగొస్తుంది. సేకరణకి సరే, వాడకానికి వద్దు.

నేను ఎక్కువగా వాడింది బేర్ గ్రిజ్లీ. పొడవు 58 అంగుళాలు, లాగడానికి పట్టే బరువు 45 పౌండ్లు. ఆ 45 అనేది 28 అంగుళాలు లాగితే వచ్చే లెక్క. అంగుళం తగ్గితే సుమారు రెండు మూడు పౌండ్లు తగ్గుతాయి, కాబట్టి నా చేతిలో అది 42, 43 దగ్గర ఉంటుంది. ఫ్రెడ్ బేర్ 1933లో డెట్రాయిట్‌లో మొదలుపెట్టి, 1947లో మిషిగన్‌లోనే గ్రేలింగ్‌కి మార్చిన కంపెనీ అది. గ్రిజ్లీ వాళ్ల సాదా సరుకు. ఖరీదైన చెక్క లేదు, చెక్కుడు పని లేదు. అందుకే సేకరించేవాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోరు, అదే కంపెనీ చేసిన ఖరీదైన కొడియాక్‌కి ఎగబడతారు.

నా సూపర్ కొడియాక్ 60 అంగుళాలది. నిజమే, లాగడం ఇంకా మెత్తన, పిడి నిండుగా చేతిలో కూర్చుంటుంది, బాణం వదిలాక చేతికి అదురు తక్కువ. కానీ ఆ తేడాకి రెండు మూడింతల ధర పెట్టమంటే నేను పెట్టను. ఇది బావతో నాకు తెగని వాదన. ఆయన చెక్క నిగనిగ చూసి కొంటాడు, ఆయనకి బాణం వెయ్యడం రాదు.

షేక్‌స్పియర్ కంపెనీ విల్లు నెసీడా కూడా ఉంది. నాటకాల షేక్‌స్పియర్ కాదు, మిషిగన్‌లో కలమజూలో అప్పట్లో చేపల గాలాల కర్రలు చేసిన కంపెనీ. ఫైబర్‌గ్లాస్ కర్రల్లో చెయ్యి తిరిగాక విల్లుల్లోకి వచ్చారు. వాళ్ల గ్లాస్ పని శుభ్రంగా ఉంటుంది. పేరుకి గిరాకీ తక్కువ కాబట్టి ధరా తక్కువే. ఆర్కన్సాలో పైన్ బ్లఫ్ నుంచి వచ్చిన బెన్ పియర్సన్ విల్లులూ అంతే, డబ్బుకి న్యాయం చేస్తాయి.

ఇవన్నీ ఇంత అందుబాటు ధరకి దొరకడానికి కారణం కాంపౌండ్ విల్లు, అంటే కొసల్లో కప్పీలు ఉండే విల్లు. హాలెస్ విల్బర్ అలెన్‌కి 1969లో దాని పేటెంట్ వచ్చింది. తర్వాత పదేళ్లలో వేటగాళ్లంతా కప్పీల విల్లుకి మారిపోయారు, రికర్వ్‌లు అటకెక్కాయి. ఇప్పుడు మనం కొంటున్నవి ఆ అటకల మీద నుంచి దిగినవే. అందుకే కొన్ని చెయ్యి పడని కొత్తవాటిలా ఉంటాయి, కొన్ని అమెరికా ఎండాకాలాలు అన్నీ రేకుల కింద గడిపి ఉంటాయి.

తయారైన ఏడాది విషయంలో అమ్మేవాళ్లు చాలామంది తెలిసో తెలియకో తప్పు చెబుతారు. బేర్ విల్లుల మీద 1953 అని కనబడగానే 'డెబ్బై ఏళ్ల నాటి విల్లు' అని ధర పెంచుతారు. అది కెనడా పేటెంట్ సంవత్సరం, తర్వాత చాలా ఏళ్లు అలాగే అచ్చు వేశారు. చూడాల్సింది పిడిలో పొదిగిన బిళ్ల. రాగిదైతే 1959. ఇత్తడి బిళ్ల 60ల్లోది, నికెల్ సిల్వర్ అయితే 1971, 72. 1973 నుంచి ఉబ్బెత్తు ప్లాస్టిక్ బిళ్ల. ఫ్యాక్టరీ 1978లో ఫ్లోరిడాలో గెయిన్స్‌విల్‌కి వెళ్లింది కాబట్టి ఊరి పేరు ఉంటే అదీ ఒక గుర్తే.

ఏడాది కంటే ముందు లింబు చూడాలి. నారి ఎక్కించి, కింది కొస వైపు నుంచి కంటికి దగ్గరగా పెట్టి చూస్తే నారి రెండు లింబుల నడిమధ్యగా పోవాలి. పక్కకి జరిగితే లింబు మెలి తిరిగినట్టే. కాలు దూర్చి విల్లు వంచి నారి ఎక్కించే పాత అలవాటు వల్ల ఎక్కువగా ఇలా అవుతుంది. నారి ఎక్కించడానికి వాడే తాడు, స్ట్రింగర్ అంటారు, అది కొనుక్కోండి, చాలా చౌక. గ్లాస్ మీద నిలువు సన్నగీతలు వయసుతో వచ్చేవి, భయం లేదు. అడ్డగీతలుంటే వదిలెయ్యండి. నాకు ఒక అమ్మకందారు పంపిన ఫొటోలన్నీ ఒకే పక్క నుంచి తీసినవి. రెండో పక్క గ్లాస్, చెక్క నుంచి గోరు పట్టేంత విడిపోయి ఉంది. దాన్ని ఇప్పటికీ లాగలేదు, లాగను.

నారి డేక్రాన్ అనే పాలిస్టర్ దారందే వాడాలి, బి-50 రకం. ఫాస్ట్‌ఫ్లైట్ లాంటి కొత్త దారాలు సాగవు. బాణం వదిలిన దెబ్బంతా లింబు కొసలకి తగులుతుంది, ఆనాటి కొసలకి ఆ బలం లేదు. బాణానికి సెకనుకి నాలుగు అడుగుల వేగం పెరుగుతుందని యాభై ఏళ్ల విల్లుని చీల్చుకోవడం ఏం తెలివి? బాణాలు కూడా మరీ తేలికవి వద్దు, బరువైన చెక్కవి మేలు. నారి రుద్దడానికి సంతలో దొరికే తేనెమైనం చాలు.

వాతావరణం సంగతికొస్తే, మే నెలలో మూసిన కారులో విల్లు వదిలి టీ తాగడానికి వెళ్లొద్దు, వేడికి జిగురు వదులుతుంది. వానాకాలంలో పిడి తోలుకి బూజు, పాత వార్నిష్ జిగటజిగట. నారి దించి, గాలి ఆడే లోపలి గోడకి రెండు మేకుల మీద అడ్డంగా పెడతాను. మూలకి నిలబెడితే కింది లింబు మీద బరువు పడి మెలి తిరుగుతుంది. బాణం వెనక కట్టిన ఈకలు తడిస్తే వాలిపోతాయి, వాన రోజున ప్రాక్టీస్ లేనట్టే. మెట్టు మీద నుంచి వేసేటప్పుడు ప్లాస్టిక్ రెక్కలు తగిలి బాణం పక్కకి పోతుంది కాబట్టి ఈకలు తప్పవు.

మొదటి విల్లు కొనేవాళ్లు 58 గానీ 60 గానీ తీసుకోండి, బరువు 40 పౌండ్లు దాటనివ్వకండి. అమెరికాలో 50, 55 పౌండ్లవే ఎక్కువ దొరుకుతాయి, చవగ్గా వస్తున్నాయని ఆశపడితే భుజం పోతుంది. తెప్పించేముందు కస్టమ్స్ సుంకం, కొరియరు కలిపి లెక్క వేసుకోండి, చాలాసార్లు విల్లు కంటే అదే ఎక్కువవుతుంది. ఊరికి వచ్చే బావమరిది ఉంటే అతనికే చెప్పండి.