చర్చి అల్మారాలో హ్యారీ పాటర్: ఏడు పుస్తకాల పెట్టె మీద నా మాట

మా తెలుగు సహవాసంలో పిల్లల అల్మారా కోసం హ్యారీ పాటర్ ఏడు పుస్తకాల పెట్టె కొన్నాను. మంత్రవిద్య నేర్పే బడిలో చదివే హ్యారీ అనే పిల్లవాడి కథ ఇది, రాసింది జె.కె. రోలింగ్. మేముండేది అట్లాంటాకు ఈశాన్యంగా, గ్వినెట్ కౌంటీలో. ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకొని ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన జరుపుకొనే గుంటూరు, కృష్ణా, నెల్లూరు కుటుంబాలవాళ్ళం. దాదాపు ఇరవయ్యేళ్ళ కిందట ఇదే కౌంటీలో ఈ పుస్తకాల మీద కోర్టు దాకా గొడవ నడిచింది. ఆ సంగతి గుర్తున్న తల్లులు కొందరు "అక్కా, ఇవి మన పిల్లలకు అవసరమా?" అని అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను. ఏడో పుస్తకంలో ఏం జరుగుతుందో ఇందులో ఉంది, చదవనివాళ్ళు జాగ్రత్తపడాలి.

ముందు వస్తువు సంగతి. అమెరికాలో మొదటి పుస్తకం వచ్చి ఇరవయ్యేళ్ళు నిండిన సందర్భంగా 2018లో బ్రయాన్ సెల్జ్నిక్ గీసిన నలుపు తెలుపు అట్టలతో వచ్చిన పేపర్‌బ్యాక్ కూర్పు ఇది. ఏడింటినీ పక్కపక్కన పేరిస్తే ఒకే బొమ్మ అవుతుంది. పెద్దవాళ్ళు ముచ్చటపడతారు. మా హాల్లో ఎనిమిదేళ్ళ పిల్లవాడు మాత్రం "రంగులెందుకు వేయలేదు?" అని అడిగాడు, వాడిదీ న్యాయమే. లోపల అధ్యాయాల మొదట్లో ఉండే మేరీ గ్రాండ్‌ప్రే పాత బొమ్మలను కదిలించలేదు, సంతోషం. మొత్తం నాలుగు వేల పేజీలకు పైనే. మొదటిది మూడు వందల చిల్లర పేజీలైతే ఐదోది దానికి రెండింతలకు మించి. పడుకొని చదివే అలవాటున్న పిల్లలు ఐదో పుస్తకం దగ్గర లేచి కూర్చోక తప్పదు. నేను తెప్పించుకున్న ఆన్‌లైన్ దుకాణంవాళ్ళు పెట్టె చుట్టూ ఒక పొర కాగితమైనా పెట్టకుండా పంపారు, ఒక మూల నలిగిపోయి వచ్చింది. ఫోటో తీసి పంపితే కొంత డబ్బు వెనక్కి ఇచ్చారు. పుస్తకాలకు దెబ్బ తగలలేదు. అక్షరాల పరిమాణం బాగుంది, నా కళ్ళకు కూడా ఇబ్బంది కలగలేదు.

ఈ పెట్టె కొన్నవాళ్ళకు ఏడూ ఒకేసారి దొరుకుతాయి. మా అమ్మాయి తరానికి ఆ భాగ్యం లేదు. నాలుగోది 2000 జులైలో వచ్చింది, ఐదోది 2003 జూన్ 21న. ఆ మూడేళ్ళలో పిల్లలు చదివిందే చదివి, ప్రతి వాక్యంలోనూ సూచన ఉందనుకొని వెతికేవారు. ఆరోది 2005లో వచ్చాక వాదన ఒక్కదాని మీదికి చేరింది: హ్యారీ బడిలో పాఠాలు చెప్పే స్నేప్ మంచివాడా, ద్రోహా? మా అమ్మాయి మంచివాడేనని పట్టుబట్టింది. ఎదురింటి స్నేహితురాలు ద్రోహి అంది. ఇద్దరూ ఒక వేసవంతా మాట్లాడుకోలేదు.

ఏడోది 2007 జులై 21న. లండన్‌లో అర్ధరాత్రి దాటిన నిమిషానికి అమ్మకం మొదలు. అప్పుడు మన హైదరాబాదులో తెల్లవారుజామున నాలుగున్నర, ఇక్కడ మాకు ఇంకా శుక్రవారం సాయంత్రం ఏడు గంటలు. మేము మాత్రం మా అర్ధరాత్రి దాకా ఆగాలి. చేతులకు వరుస అంకెల పట్టీలు కట్టించుకొని, హ్యారీలా గుండ్రటి కళ్ళజోళ్ళు పెట్టుకొని పిల్లలంతా దుకాణం ముందు కూర్చుంటే, హైదరాబాదు నుంచి మా అక్క కొడుకు ఫోను: "పిన్నీ, పుస్తకం నా చేతిలో ఉంది. చివరి పేజీ చదివి వినిపించనా?" మా అమ్మాయి నా చేతిలోంచి ఫోను లాక్కొని ఆపేసింది. ఆ తర్వాత తాను పుస్తకం ముగించేదాకా నన్ను దాన్ని తెరవనివ్వలేదు. అంతకుముందే పుస్తకం పేజీల ఫోటోలు ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టేశారు, న్యూయార్క్ టైమ్స్ రెండు రోజుల ముందే సమీక్ష వేసింది. వాటిని చూడకుండా కాపాడుకోవడం ఆ పిల్లలకు ఒక వ్రతమైపోయింది. మొదటి ఇరవైనాలుగు గంటల్లో అమెరికా, బ్రిటన్‌లలో కలిపి దాదాపు కోటీ పది లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. ముగింపు ఎవరి నోటా వినకుండా తామే చదవాలన్న పంతం అందులో చాలావరకు ఉందని నా నమ్మకం.

ఇక గొడవ. సరిగ్గా అదే కాలంలో మా కౌంటీలో ఒక తల్లి, ఈ పుస్తకాలు మంత్రవిద్యను పిల్లలకు ఇంపుగా చూపిస్తున్నాయి కనుక బడి గ్రంథాలయాల్లోంచి తీసేయాలని కోరింది. 2006లో కౌంటీ విద్యామండలి కాదంది, ఆ ఏడాది డిసెంబరులో రాష్ట్ర మండలి కాదంది, 2007 మేలో కోర్టు కూడా కాదంది. తాను పుస్తకాలను పూర్తిగా చదవలేదని ఆమే చెప్పింది. మా సహవాసంలోనూ ఒక బ్రదర్ నాలుగు పేజీల కరపత్రం జిరాక్సు తీయించి పంచారు. అందులో ఉన్నది బైబిల్లోని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం: సోదె, శకునాలు, చిల్లంగి, కర్ణపిశాచి, అన్నీ నిషిద్ధాలే. మా పాస్టరు అయ్యగారు "ముందు చదివి, తర్వాత మాట్లాడదాం" అన్నారు. ఆయన చదవలేదు, కాబట్టి మాట్లాడనూ లేదు.

దేశమంతా ఇదే వరస. 2001 డిసెంబరు 30న న్యూ మెక్సికోలోని ఆలమొగోర్డోలో ఒక చర్చివారు ఈ పుస్తకాలను మంటలో వేశారు. అర్కాన్సాస్‌లోని సీడర్‌విల్‌లో బడి గ్రంథాలయంలో ఇవి కావాలంటే తల్లిదండ్రుల అనుమతి చీటీ తేవాలన్నారు. 2003లో ఫెడరల్ కోర్టు అది చెల్లదని, మామూలు అరల్లోకి తిరిగి చేర్చాలని తీర్పిచ్చింది. 2000 నుంచి 2009 వరకు అమెరికాలో అత్యధికంగా అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాల జాబితాను అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ వేస్తే, మొదటి స్థానం ఈ వరుసదే. అప్పటికి కార్డినల్‌గా ఉండి తర్వాత పదహారో బెనెడిక్ట్ పోపైన రాట్జింగర్ కూడా 2003లో ఈ పుస్తకాలను విమర్శించిన ఒక రచయిత్రికి మెచ్చుకోలుగా ఉత్తరం రాశారు. క్రైస్తవులంతా ఒకవైపే ఉన్నారని కాదు. క్రిస్టియానిటీ టుడే పత్రిక 2000లోనే ఈ పుస్తకాలను సమర్థిస్తూ సంపాదకీయం రాసింది. కానీ మా హాలుకు చేరింది కరపత్రమే, సంపాదకీయం కాదు.

ఎదురుచూపు, అభ్యంతరం అనే ఈ రెంటికీ ముడి ఎక్కడుందో ఈసారి ఏడూ వరుసగా చదివాక నాకు స్పష్టమైంది. రచయిత్రి జె.కె. రోలింగ్ స్కాట్లండ్ చర్చి సభ్యురాలు. తన విశ్వాసం గురించి మరీ వివరంగా మాట్లాడితే తెలివైన పాఠకులు కథ ఎటు పోతుందో పసిగట్టేస్తారని 2000లోనే ఒక ఇంటర్వ్యూలో అంది. అంటే ముగింపు గుట్టు దాచాలంటే, తన మీద వస్తున్న నిందకు గట్టి జవాబు కూడా దాచుకోక తప్పలేదు. అర్ధరాత్రి వరుసలో కూర్చున్న పిల్లల ఆత్రం నిలవడం కోసం ఆవిడ ఊరుకుంది. ఆ మౌనం కరపత్రాలవాళ్ళకు కలిసివచ్చింది. 2007 అక్టోబరులో మాత్రమే, అన్నీ బయటపడ్డాక, క్రైస్తవ పోలికలు తనకు మొదటినుంచీ స్పష్టంగానే కనిపించేవని చెప్పింది.

ఆ జవాబు ఏడో పుస్తకం పదహారో అధ్యాయంలో ఉంది. క్రిస్మస్ ముందు రాత్రి, చర్చిలోంచి పాటలు వినిపిస్తుంటే, హ్యారీ, అతని స్నేహితురాలు హెర్మియోనీ సమాధుల తోటలోకి వెళ్తారు. ఒక రాయి మీద మత్తయి సువార్త వచనం: "నీ ధనమెక్కడనుండునో అక్కడనే నీ హృదయము ఉండును." హ్యారీ తల్లిదండ్రుల రాయి మీద కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని వచనం: "కడపట నశింపజేయబడు శత్రువు మరణము." పుస్తకంలో ఏ వచనానికీ అధ్యాయం అంకె వేయలేదు, బైబిలు పేరు ఎత్తలేదు. తెలిసినవాళ్ళకు తెలుస్తుంది, అంతే. గుంటూరు సమాధుల తోటలో ఇలాంటి రాళ్ళు చదువుతూ అక్షరాలు దిద్దుకున్నదాన్ని కాబట్టి, మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. హ్యారీకి మాత్రం ఆ వచనం అర్థం కాదు. ఇది శత్రువుల మాటలా ఉందే, ఇక్కడెందుకు రాశారని కంగారు పడతాడు. చావును ఓడించడమంటే చావు తర్వాతి జీవితమని హెర్మియోనీ నెమ్మదిగా వివరిస్తుంది. వాక్యం చూసి దుష్ట మంత్రవాదుల మాట అనుకొని భయపడ్డ ఆ పిల్లవాడి దగ్గర మా కరపత్రం గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. ఈ రెండు వచనాల్లోనే మొత్తం వరుస సారమంతా ఉందన్నట్టు రచయిత్రి తర్వాత చెప్పింది.

మా అత్తగారికి ఇదంతా అక్కర్లేకపోయింది. దుర్మార్గుడు తన ఆత్మను ముక్కలు చేసి వస్తువుల్లో దాచుకున్నాడని మనవరాలు చెప్పగానే, "మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టా?" అని తేల్చేశారు. బాలనాగమ్మ కథ వింటూ పెరిగి, వారం తప్పకుండా చర్చికి వెళ్ళిన మనిషి ఆవిడ.

అభ్యంతరం పెట్టినవాళ్ళంతా మూర్ఖులని నేను అనను. నాలుగో పుస్తకం చివర సమాధుల దగ్గర జరిగే తంతు, తండ్రి ఎముక, సేవకుడి మాంసం, శత్రువు రక్తం కలిపి దుష్టుడిని మళ్ళీ శరీరంతో లేపడం, నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరించే భాగం. దానికి ముందే ఒక మంచి పిల్లవాడు అకారణంగా చచ్చిపోతాడు. పదేళ్ళ లోపు పిల్లలకు దాన్ని ఒంటరిగా ఇవ్వకూడదు. ఇంకొకటి: ముఖ్యపాత్రలు అలవోకగా అబద్ధాలాడతాయి, చాలాసార్లు దానికి మూల్యమే ఉండదు. మంత్రాల గురించి అంత గోల చేసినవాళ్ళు దీన్నెందుకు పట్టుకోలేదో నాకు ఆశ్చర్యం. కథనం లెక్కన చూస్తే ఏడో పుస్తకం నడుమ, హ్యారీ, అతని ఇద్దరు స్నేహితులు గుడారం మోసుకొని అడవుల్లో తిరిగే భాగం సాగలాగినట్టే ఉంటుంది. మొదటి రెండూ ఏ పిల్లలకైనా హాయిగా ఇవ్వవచ్చు. మూడోది అన్నింటిలోకి చక్కగా కూర్చిన కథ. ఐదోది లావైనా, గులాబీ రంగు బట్టలేసుకొని రోజుకో నిషేధాజ్ఞ బడి గోడకు తగిలించే అంబ్రిడ్జ్ అనే పంతులమ్మ కోసం చదవాలి. ఆవిడ ఒక పత్రికను బడిలో నిషేధిస్తే మర్నాటికల్లా బడి అంతా దాన్ని చదివేస్తుంది.

ఇప్పుడు అభ్యంతరం మరో దిక్కు నుంచి వస్తోంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో 2020 నుంచి రచయిత్రి చెబుతున్న అభిప్రాయాలు నచ్చక, ఒకప్పుడు గుండ్రటి కళ్ళజోళ్ళు పెట్టుకున్నవాళ్ళే చాలామంది ఈ పుస్తకాలను పక్కన పెట్టారు. మా అమ్మాయి వాళ్ళలో ఒకతె. తన పాత గట్టి అట్టల ప్రతులను పారేయలేదు, చదవడమూ లేదు. అల్మారాకు అడిగితే "కొత్తవి కొనుక్కో అమ్మా" అంది, అందుకే ఈ పెట్టె. పిల్లలకు ఆ సంగతులేవీ పట్టలేదు. హెచ్‌బీఓ కొత్త సీరియల్ చిత్రీకరణ 2025 జులైలో మొదలైనప్పటి నుంచి, అది వచ్చేలోపు ఏడూ చదివేయాలని పందాలు వేసుకుంటున్నారు.

కొనవచ్చా అంటే, కొనండి. బహుమతిగా ఒక్క పుస్తకమే ఇవ్వాలనుకుంటే మాత్రం మొదటిది ఇచ్చి ఊరుకోకండి, కథ అక్కడ తేలదు. మా అల్మారాలో మొదటి మూడూ కింది అరలో ఉంటాయి, ఎవరైనా అరువు చిట్టాలో పేరు రాసి తీసుకుపోవచ్చు. నాలుగోది మొదలుకొని పై అరలో. వాటికి అమ్మ గానీ నాన్న గానీ వచ్చి సంతకం చేయాలి. సీడర్‌విల్ తీర్పు చదివినవాళ్ళు నన్ను చూసి నవ్వుకోవచ్చు. అది ప్రభుత్వ బడి, ఇది మా చర్చి అల్మారా. పైగా సంతకం పెట్టడానికి వచ్చిన పెద్దవాళ్ళలో ఇద్దరు మొదటి పుస్తకం తమకూ కావాలని అడిగారు. కరపత్రం పంచిన బ్రదర్ వాళ్ళలో ఒకరు.