మా క్యారవాన్ ట్రైలర్: 22 నెలలు, రెండు వానాకాలాలు, ఒక లైటు

కొన్న మూడో నెలలో ఈ బండి గురించి నేనే ఒక పొగడ్త రాశాను. "ఫ్యాక్టరీ పని, ఒక్క జాయింటుకి కూడా వంక పెట్టలేం" అన్నాను. ఆ మాట రాసింది మార్చిలో. మార్చిలో మా విజయనగరంలో వాన ఏపాటి పడుతుందో అందరికీ తెలుసు, కాబట్టి ఆ మాటకి ఎంత విలువ ఇవ్వాలో మీరే చూసుకోండి. చూసి కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే క్షమించండి.

బెడ్లు ఎన్ని, స్టవ్ ఎక్కడుంది, బాత్రూం ఎంత ఇరుకు, ఇవన్నీ వీడియోల్లో దొరుకుతాయి, నేను మళ్ళీ చెప్పను. మా బొలెరోకి తగిలించి ఇప్పటికి తొమ్మిది వేల కిలోమీటర్ల దాకా తిప్పాం. నాకు చెప్పాల్సింది ఒక్కటే ఉంది, అది పైకప్పు. ఇంకా తిన్నగా చెప్పాలంటే పైకప్పులో ఒక లైటు.

ముందు చిన్న గొడవలు తొందరగా చెప్పేస్తాను. బొలెరో నుంచి ట్రైలర్ లైట్లకి కరెంటు ఇచ్చే ఏడు పిన్నుల ప్లగ్గులో రెండు వైర్లు తారుమారై ఎడమ ఇండికేటర్ వేస్తే కుడివైపు వెలిగేది. రిజిస్ట్రేషన్‌కి తీసుకెళ్ళిన రోజు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి కంటే ముందు మా అమ్మాయే అది పట్టుకుంది, ఆ పూటకి బతికిపోయాం. సింకు కింద పైపుకి వంపు లేకుండా నేరుగా దించేశారు, దాంతో కింద ట్యాంకు వాసనంతా పైకే, యూ ఆకారం ముక్క ఒకటి కొని వేస్తే పోయింది. అల్మరా తలుపులు ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా నమస్కారం పెట్టేవి, గొళ్ళేలు మార్చాను. చక్రాల నట్లు కొత్తలో మళ్ళీ బిగించుకోవాలని పుస్తకంలో ఉంది, నేను కొంచెం బద్ధకంగానే నాతవలస టోల్ గేటు దాటాక పక్కన ఆపి స్పానర్ వేస్తే రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి. ఆ రోజు నుంచి ఎక్కడ ఆగినా ముందు చక్రం మధ్యలో అరచెయ్యి ఆనించి చూడటం అలవాటైంది. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే లోపల బేరింగో బ్రేకో పట్టేస్తోందని అర్థం. ఇవేవీ ఫిర్యాదులు కావు. కొత్త బండికి ఈ మాత్రం ఉంటాయి, ఇంటికి కొత్తగా వచ్చిన అల్లుడికి కూడా ఉంటాయి.

ఇక అసలు కథ. జూలై చివర్లో కళింగపట్నం వెళ్ళాం. లైట్‌హౌస్ కనపడేలా, ఇసుక మొదలయ్యే చోట ఆపాను. బండి మూతి కొంచెం కిందికి ఉంది, జాకీ నేలలోకి దిగుతోందని పలక పెట్టాను గానీ మట్టం చూసుకోలేదు. మా ఆవిడ వంజరం ముక్కలు వేయించింది, తిని తొమ్మిదిన్నరకల్లా పడుకున్నాం. పదిన్నరకి సముద్రం మీంచి గాలి మొదలైంది, దాని వెనకే వాన. మొదట్లో ఎంత హాయిగా ఉందో చెప్పలేను. రేకు మీద వాన చప్పుడు లేకుండా ఫోమ్ ప్యానెల్ మీద మెత్తగా దబదబలాడుతుంటే, డబ్బు పెట్టి కొన్నందుకు ఇదిగో ఫలం అనుకుని దుప్పటి కప్పుకున్నాను.

ఒంటిగంటకి మా అమ్మాయి లేపింది. "నాన్నా, లైటు ఏడుస్తోంది."

టార్చి వేసి చూస్తే మంచం మీద గుండ్రటి సీలింగ్ లైటు, దాని ప్లాస్టిక్ బుడ్డిలో సగం దాకా నీళ్ళు, పసుపు రంగులో. అంచు నుంచి ఒక్కో బొట్టూ దిండు మీదికి. పన్నెండు వోల్టుల లైటే కాబట్టి షాక్ కొట్టదని తెలుసు, అయినా చీకట్లో మెయిన్ స్విచ్ వెతుక్కునేసరికి నా గుండె ఆగినంత పనైంది. బుడ్డి విప్పగానే ఆ నీళ్ళన్నీ నా మీదే పడ్డాయి. కింద తపేలా పెట్టి, పరుపు మడిచి, తెల్లారేదాకా ముగ్గురం కుర్చీల బల్ల మీద ఒకళ్ళ మీద ఒకళ్ళం జోగుతూ కూర్చున్నాం. తెల్లవారేటప్పటికి తపేలాన్నర నీళ్ళు. మా ఆవిడ ఒక్క మాటే అంది, "ఏవండీ, మన పాత టెంటు అయితే కారేది గానీ ఇంత ఖరీదు పెట్టి కారేది కాదు." దానికి ఇప్పటికీ జవాబు లేదు నా దగ్గర.

అమ్మినవాళ్ళకి ఫోన్ చేశాను. ఫోటోలు పంపమన్నారు, పంపాను. నాలుగు రోజులకి సమాధానం వచ్చింది: అది లీకు కాదట, లోపల మనుషుల ఊపిరి తేమ పైకప్పుకి తగిలి చల్లబడి నీరవుతోందట, కిటికీ కాస్త తీసి పడుకోమన్నారు. తేమ పట్టడం నిజమే, చలికాలం పొద్దున్నే కిటికీ అద్దాల మీద నేనూ చూశాను. కానీ ముగ్గురి ఊపిరి తపేలాన్నర ఎలా నింపుతుందో నాకు బోధపడలేదు. పైగా ఊపిరి పసుపు రంగులో ఉండదు, ప్లైవుడ్‌లోంచి దిగిన నీళ్ళకే ఆ రంగు.

ఇంటికొచ్చి గంటసేపు పైన పైపుతో నీళ్ళు కొట్టాను. ఒక్క చుక్క లేదు. మర్నాడు మళ్ళీ కొట్టాను. లేదు. నాకే అనుమానం వచ్చింది, ఆ రాత్రి కలగన్నామేమో అని. (మా వాకిలి వీధి నుంచి ఇంటి వైపు వాలుగా ఉంటుంది, బండిని వెనక్కి నెట్టి పెడతాం కాబట్టి మూతి పైకి ఉంటుంది. ఈ సంగతి ఇంత ముఖ్యమని అప్పుడు తట్టలేదు.) తెలివైనవాడైతే అక్కడ ఆగి ఆలోచించేవాడు. నేను గంటస్తంభం దగ్గర హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి రెండు సిలికాన్ ట్యూబులు కొని, నిచ్చెనెక్కి, కనపడిన ప్రతి జాయింటుకీ అట్ల పిండిలా పూసేశాను. ఆగస్టులో రోడ్డు మీద వాన పట్టుకుంది, మళ్ళీ అదే లైటు. ఇంకో ట్యూబు పూశాను. ఈసారి లైటు పక్కన బొటనవేలితో నొక్కితే పైకప్పు టీలో ముంచిన బిస్కెట్టులా మెత్తగా దిగింది. ఆ రోజు నిజంగా భయమేసింది. ఈ ప్యానెళ్ళు పైనా కిందా పలచటి ఫైబర్ తొడుగు, మధ్యలో ఫోమ్, అక్కడక్కడా బలానికి ప్లైవుడ్ పట్టీలు; నీళ్ళు దిగితే బయటికి పోయే దారి ఉండదు, లోపలే నానబెట్టిన పప్పులా నానుతుంది, పట్టీ కుళ్ళితే తొడుగు ఊడి వస్తుంది.

మా బావమరిది చెప్పాడు సాలూరు తీసుకెళ్ళమని. మన వైపు వాళ్ళకి సాలూరు గురించి చెప్పక్కర్లేదు, బొబ్బిలికి వీణలు ఎలాగో సాలూరుకి లారీలు అలాగ. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పార్వతీపురం మన్యంలోకి పోయింది గానీ, బండికి పెద్ద పని పడితే మాకు ఇప్పటికీ ఆ ఊరే గుర్తొస్తుంది. ఘాటీ ఎక్కి కోరాపుట్ వైపు వెళ్ళే లారీలకి బాడీలు కట్టినవాళ్ళకి వాన నీళ్ళ సంగతి మనకంటే తెలుసు. గజపతినగరం, రామభద్రపురం మీదుగా మెల్లగా లాక్కుపోయాను. అరవై ఏళ్ళు దాటిన మేస్త్రీ ఒకాయన, బీడీ చెవి మీద పెట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగి, నా సిలికాన్ పూత చూసి నవ్వాడు.

"ఏటి బావూ, కేకు మీద క్రీము ఏసినట్టేసినావు?"

లైటు చోటే కారుతోందని చెప్పబోతే ఆపేశాడు. "కారిన చోట చిల్లుండదు బావూ. పూరిల్లు సూడలేదా? సూరులో దూరిన నీరు నట్టింట్లో పడతాది."

తర్వాత ఆయన చేసిన పని కోసమే ఇదంతా రాస్తున్నాను. బండి తలుపులు, పై వెంటిలేటర్, సింకు రంధ్రం, అన్నీ అట్టముక్కలూ టేపూ పెట్టి మూశాడు. ఒక్క కిటికీలో గోనెపట్టా చుట్టి బ్లోయర్ మూతి దూర్చాడు, షెడ్డులో దుమ్ము ఊదడానికి వాడేదే. లోపల గాలి నిండుతుంటే బయట కుర్రాడు బకెట్లో సర్ఫు నీళ్ళు కలిపి బ్రష్షుతో పైకప్పు అంచులన్నీ తడుపుతూ వెళ్ళాడు. సైకిల్ ట్యూబుని నీళ్ళలో ముంచి పంక్చర్ వెతికినట్టే, కాకపోతే ఇక్కడ ట్యూబు లోపల మనం పడుకుంటాం. నేను సిలికాన్ పూసిన జాయింట్ల దగ్గర ఏమీ లేదు. వెనకా లేదు. ముందు వైపు నుదుటి మీద వరసగా ఐదు చిన్న మార్కర్ లైట్లు ఉంటాయి, అందంగా ఉన్నాయని మొదటి పొగడ్తలో వాటినీ మెచ్చుకున్నాను, అందులో రెండో దాని కింద స్క్రూ దగ్గర, ఉడుకుతున్న అన్నం మీద తేలినట్టు బుడబుడమని బుడగలు. నాలుగో దాని దగ్గర ఇంకా ఎక్కువ.

లైటు విప్పి చూపించాడు. స్క్రూ నేరుగా ఫైబర్‌లోకి, చుట్టూ వాషర్ లేదు, సీలెంట్ లేదు. వైరు కోసం వేలు దూరేంత రంధ్రం, దానికి మూత లేదు. ఆ వైరు ఫోమ్‌లో తొలిచిన గాడిలోంచి తిన్నగా మంచం మీది లైటుకి వెళుతుంది, నీళ్ళూ అదే దారి పట్టాయి. మూతి పైకి ఉంటే వాన నుదుటి మీంచి జారిపోతుంది, మూతి దిగితే పైకప్పు మీది నీళ్ళన్నీ ముందుకే చేరి అక్కడ నిలబడతాయి. రోడ్డు మీద వెళ్ళేటప్పుడు ఎదురుగాలి ఆ నీళ్ళని స్క్రూల్లోంచి లోపలికి నెడుతుంది. మా వాకిట్లో గంటలకొద్దీ పైపు కొట్టినా ఎందుకు కారలేదో అప్పుడు వెలిగింది.

వెంటనే మూసెయ్యమన్నాను. ఒప్పుకోలేదు. "జాడీలో తడి పెట్టి మూత బిగిస్తే ఆవకాయేటవుతాది?" అన్నాడు. లోపలి వైపు నుంచి పెన్సిల్ లావు రంధ్రాలు నాలుగు వేసి, ఐదు లైట్లూ విప్పేసి, పది రోజులు షెడ్డు కింద గాలికి వదిలేశాడు. ఆ తర్వాత నా సిలికాన్ గీకడానికే కుర్రాడికి పూట పట్టింది. ఇది మీరు కూడా గుర్తుపెట్టుకోండి, సిలికాన్ ఒకసారి పూస్తే దాని జిడ్డు మీద ఇంకే సీలెంటూ అంటుకోదు, బ్లేడుతో గీకి, థిన్నర్‌తో తుడిచి, మళ్ళీ తుడవాలి. లైట్ల వెనక బ్యుటైల్ టేపు, అంటే ఎన్నాళ్ళున్నా గట్టిపడకుండా చూయింగ్ గమ్‌లా ఉండే జిగురు పట్టీ, స్క్రూ మొనకి లారీ అద్దాలు అతికించే పీయూ సీలెంట్, వైరు రంధ్రానికి రబ్బరు మూత. కూలీ, సామాను కలిపి నాలుగు వేలు కూడా కాలేదు. ఆయన పేరు, నంబరు మాత్రం అడక్కండి, ఆయనే వద్దన్నాడు.

ఆ అక్టోబరులో రెండు రోజులు ఏకధాటిగా కురిసిన వానకి కావాలనే మూతి దించి పెట్టి, రాత్రి ఒంటిగంటకి అలారం పెట్టుకుని లేచి మరీ చూశాను. పొడి. ఈ ఏడు వానాకాలం అంతా ఆ లైటు దగ్గర ఒక్క చుక్క లేదు. మెత్తబడిన చోట మాత్రం అరచెయ్యంత మరక అలాగే ఉంది, నొక్కితే ఇప్పటికీ కొంచెం లొంగుతుంది, దాన్ని కోసి కొత్త ముక్క వెయ్యాలా వద్దా అన్నది తేల్చుకోలేదు. మొన్న జూలైలో వెనక కిటికీ కింది మూల తడి కనపడింది. సర్ఫు నీళ్ళు, మా ఇంటి పాత వాక్యూమ్ క్లీనర్ గాలి వెనక్కి ఊదే వైపు, గంటలో దొరికింది, టేపు నేనే వేశాను. కానీ రెండు చోట్ల ఇలా ఉంటే మూడో చోటు ఎక్కడో అన్న టెన్షన్ పోలేదు.

పాత పొగడ్తల్లో ఇంకొకటి సవరించాలి. ఫోమ్ వల్ల మే నెలలో కూడా ఏసీ లేకుండా పడుకోవచ్చని రాశాను. నిజమే, మేము ఆ రోజు తాటిపూడి రిజర్వాయరు దగ్గర పెద్ద చింతచెట్టు కింద ఆపాం. చెట్టు లేని చోట ఆపి చూడండి.

మరి కొనొచ్చా అని అడిగితే, మా వరకు అమ్మే ఉద్దేశం లేదు. మాది ఏడాదికి ఎనిమిదీ తొమ్మిదీ ప్రయాణాల సంసారం, అత్తగారికి నడుము నొప్పి, హోటల్ మంచాలు పడవు, సాలూరు గంటన్నర దూరంలో ఉంది, వాకిట్లో రేకుల షెడ్డు కూడా ఈ మధ్యే వేయించాను. షెడ్డు లేకపోతే, ఎండకి వానకి బయటే ఉంచాల్సి వస్తే, అపార్టుమెంటు వాళ్ళయితే, నేను ఇంత నమ్మకంగా చెప్పలేను. తీసుకునేవాళ్ళు మాత్రం డెలివరీ రోజున అమ్మేవాళ్ళ ముందే ఒక్క మార్కర్ లైటు విప్పించి వెనక ఏముందో చూడండి. మొహమాటపడకండి, రెండు స్క్రూల పని.