పిల్లర్ డ్రిల్: బెల్టు మార్చేదా, నాబ్ తిప్పేదా? ఏది మేలు?

చేతి డ్రిల్‌తో వేసిన బెజ్జాలు వంకర పోతున్నాయని విసుగెత్తినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు నిలువు స్తంభానికి బిగించి ఉండే పిల్లర్ డ్రిల్ వైపు చూస్తారు. చూడగానే కంటపడేవి మోటారు హార్స్‌పవర్, టేబుల్ మీద మెరిసే లేజర్ గీత, అంకెలు చూపించే చిన్న తెర. నన్నడిగితే ఈ మూడూ ఆఖర్న చూడాల్సినవి. మెషిన్ ఎంత జోరుగా తిరుగుతుందని కాదు, ఎంత నెమ్మదిగా తిరగగలదని ముందు అడగాలి.

మామూలు ఇనుము మీద హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్ అంచు నిమిషానికి 25 మీటర్ల చొప్పున కదిలితే హాయిగా కోస్తుంది. ఆ లెక్కన 6 మి.మీ. బిట్‌కి సుమారు 1300 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) కావాలి. 12 మి.మీ.కి 650, 20 మి.మీ.కి 400 చాలు. 50 మి.మీ. హోల్ సా (గుండ్రటి రంపం) తగిలిస్తే 160కి దిగాలి. చిన్న మెషిన్లలో చాలావాటికి కనీస వేగమే 500 దాటి ఉంటుంది. అలాంటిదానికి పెద్ద బిట్ పెడితే అది కోయదు, రాసుకుంటుంది. కీచుమని అరుస్తుంది, పొగ వస్తుంది, కాసేపటికి అంచుల మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. చెక్క ఇంత పేచీ పెట్టదు గానీ, వెడల్పాటి బెజ్జాలు వేసే పెద్ద ఫోర్స్ట్‌నర్ బిట్‌ని జోరుగా తిప్పితే అదీ మాడుతుంది.

మరి వేగం మార్చుకునేది ఎలా? మొదటి రకం మెట్ల పుల్లీలది. మూత తెరిచి, మోటారు బిగింపు వదులు చేసి, బెల్టును ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి జరిపి, మళ్లీ బిగించాలి. బెల్టు మధ్యలో వేలితో నొక్కితే ఒక సెంటీమీటరు లోపలికి పోయేంత బిగువు చాలు. రెండో రకంలో నాబ్ తిప్పితే ఎలక్ట్రానిక్స్ మోటారునే నెమ్మది చేస్తాయి. బయటికి రెండూ ఒకటే పని చేస్తున్నట్టుంటాయి, తేడా బలంలో ఉంది. పుల్లీలతో వేగాన్ని సగానికి తగ్గిస్తే మెలితిప్పే బలం దాదాపు రెట్టింపవుతుంది. మోటారునే నెమ్మది చేస్తే బలం పెరగదు. మహా అయితే ఉన్నది ఉన్నట్టుంటుంది. అంటే పెద్ద బెజ్జానికి ఎక్కువ బలం కావాల్సిన చోటే మోటారు ఉసూరుమంటుంది. మూడోది కూడా ఒకటుంది. వాలుగా ఉండే పుల్లీ రేకులు దగ్గరికీ దూరానికీ జరుగుతూ వేగం మార్చే రకం. బలం విషయంలో ఇది మెట్ల పుల్లీలాంటిదే, వాడటం సుఖం. కాకపోతే మెషిన్ తిరుగుతున్నప్పుడే లివర్ కదపాలి, ఆగి ఉన్నప్పుడు బలవంతం చేస్తే భాగాలు పాడవుతాయి.

ఇంతవరకు చూస్తే బెల్టుదే గెలుపనిపిస్తుంది. కానీ ఒక్క బెజ్జం కోసం మూత తెరిచి బెల్టు మార్చే ఓపిక ఎంతమందికి ఉంటుంది? ‘ఈ ఒక్కదానికే కదా’ అని ఉన్న వేగంలోనే కానిచ్చేస్తారు. నాబ్ ఉంటే ఆ బద్ధకానికి సాకు ఉండదు. అందుకే చెక్క, అల్యూమినియం, 10 మి.మీ. లోపు బెజ్జాలు ఎక్కువ చేసేవాళ్లకి నాబ్ రకమే మేలు. ఇనుములో పెద్ద బిట్లు, హోల్ సాలు వాడేవాళ్లు మాత్రం బెల్టు రకమే తీసుకోవాలి, అదీ కనీస వేగం 250 లోపు ఉన్నది చూసి. లోపల గేర్లతో హై, లో రెండు రేంజ్‌లు ఉండి పైన నాబ్ కూడా ఉంటే ఆ మెషిన్ రెండు పనులకీ వస్తుంది.

బెంచ్ మీద పెట్టేదా, నేల మీద నిలబడేదా అన్నది అందరూ అనుకునేంత పెద్ద సమస్య కాదు. చాలా మోడళ్లలో పై భాగమంతా ఒకటే, పిల్లర్ పొడవే వేరు. పొడుగాటి వస్తువుని నిలబెట్టి డ్రిల్ చేసే పని లేకపోతే బెంచ్ రకం సరిపోతుంది. దీనికంటే ముఖ్యమైన కొలతలు వేరే ఉన్నాయి. స్వింగ్ 330 మి.మీ. అని రాసి ఉంటే, పిల్లర్ నుంచి బిట్ మధ్యకి ఉండే దూరం అందులో సగం, 165 మి.మీ. మాత్రమే. ఇక క్విల్, అంటే హ్యాండిల్ తిప్పితే బిట్‌తో సహా దిగే గొట్టం, ఎంత కిందికి దిగుతుందో చూడాలి. 50 మి.మీ. దిగేదానితో 75 మి.మీ. దుంగలో బెజ్జం వేయాలంటే మధ్యలో ఆపి టేబుల్ పైకి లేపక తప్పదు. 80 మి.మీ. దిగేది అయితే ఆ గొడవ ఉండదు.

టేబుల్ లేపడానికి పళ్ల పట్టీ, తిప్పే హ్యాండిల్ ఉండాల్సిందే. పోత ఇనుము టేబుల్‌ని ఒక చేత్తో మోస్తూ ఇంకో చేత్తో బిగించడం నడుముకి శిక్ష.

లోతు ఆపే స్టాప్ విషయంలో నాకు మొహమాటం లేదు. హ్యాండిల్ చుట్టూ తిరిగే రింగు కంటే మరలున్న (థ్రెడ్) కడ్డీ, దాని మీద రెండు నట్లు ఉన్నదే నయం. రింగు త్వరగా సెట్ అవుతుంది కానీ గట్టిగా నొక్కితే జారుతుంది. ఒకే లోతులో ఇరవై బెజ్జాలు వేయాలంటే నట్టు మీదే భరోసా.

బిట్‌ని పట్టుకునే చక్‌లో కీ అక్కర్లేని రకం చక్కటిది దొరికితే బిట్లు మాటిమాటికీ మార్చే పనికి హాయి. చవక రకం మాత్రం పెద్ద బిట్‌ని పట్టలేక జారిపోతుంది, దానికంటే మామూలు కీ చక్ మేలు. ఆ కీని చక్‌లోనే వదిలేసి స్విచ్ వేస్తే అది ఎటు ఎగిరిపడుతుందో చెప్పలేం కాబట్టి, చెయ్యి తీయగానే తనంతట బయటికి వచ్చేసే స్ప్రింగ్ కీ ఉంటే మంచిది. చక్‌ని తిప్పే ఇరుసు, అంటే స్పిండిల్‌లో ఎంటీ2 టేపర్ (మోర్స్ టేపర్ 2, లోపలికి పోయేకొద్దీ సన్నబడే రంధ్రం) ఉంటే చక్ ఊడదీసి, టేపర్ కాడ ఉన్న 14 నుంచి 23 మి.మీ. బిట్లు నేరుగా తొడగొచ్చు. అయితే టేపర్ మీద నిలిచే చక్‌తో పక్కకి తోసి మిల్లింగ్ చేయకూడదు, అదురుకి ఊడి వస్తుంది.

కొనే ముందు క్విల్‌ని పూర్తిగా కిందికి దించి చక్‌ని అటూ ఇటూ ఊపి చూడండి. కటకటమని ఆడితే ఆ మెషిన్‌ని అక్కడే వదిలేయండి. తర్వాత టేబుల్ మీద చెక్కదిమ్మ పెట్టి, చక్‌తో దాన్ని గట్టిగా అదమండి, టేబుల్ ముందుకి వంగుతోందేమో తెలుస్తుంది. డయల్ గేజ్ (చిన్న కదలికనీ ముల్లుతో చూపించే కొలత సాధనం) దొరికితే చక్‌లో తిన్నని కడ్డీ బిగించి, గేజ్ మొన దానికి ఆనించి చేత్తో తిప్పండి. ముల్లు 0.05 మి.మీ. లోపు ఆడితే బాగున్నట్టే. 0.1 దాటితే చక్ తీసి స్పిండిల్ టేపర్ లోపల కొలవండి. లోపల సరిగ్గానే ఉంటే తప్పు చక్‌ది, దాన్ని మార్చుకోవచ్చు. లోపలే తేడా ఉంటే బేరం ఆడటం కూడా దండగ. చివరగా, స్విచ్ ఆన్‌లో ఉండగా ప్లగ్ పీకి మళ్లీ పెట్టండి. మోటారు తనంతట తానే తిరగడం మొదలుపెడితే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది అలాగే చేస్తుంది. అలాంటిదైతే వెంటనే, కరెంటు వచ్చినా మళ్లీ నొక్కేదాకా ఆన్ కాని నో-వోల్ట్ స్విచ్ ఒకటి వేయించుకోవాలి.