బుద్ధి, ఏలుబడి, బంధం: ఏఐ కాలంలో మనిషికి ఏ గుర్తు మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా తెలుగు క్రైస్తవ సంఘం యువకుల కూడికలో పోయిన నెల ఒక తమ్ముడు బైబిలు వాక్యం చెప్పాడు. ఒడియా మీడియం పిల్లాడు, తెలుగు మాట్లాడతాడే గానీ చదవలేడు. అందుకని ఏఐతో తెలుగులో రాయించుకుని, దాన్ని ఒడియా అక్షరాల్లోకి మార్పించుకుని చదివేశాడు. నిజం చెప్పొద్దూ, మా పెద్దల్లో కొందరికన్నా బాగా చెప్పాడు. గొడవంతా ఆ తర్వాతే. "దేవుని స్వరూపం అంటే ఆలోచనే అయితే, ఇదీ ఆలోచిస్తోందిగా అన్నా?" అన్నారు ఎవరో.

ఆదికాండం 1:27 మనిషిని దేవుడు తన స్వరూపంలో చేశాడంటుంది గానీ, ఆ స్వరూపమేమిటో విడమరిచి చెప్పదు. క్రైస్తవులు దానికి ముఖ్యంగా మూడు జవాబులు చెప్పుకుంటూ వచ్చారు.

పాతది బుద్ధి. జ్ఞాపకం, తెలివి, సంకల్పం అన్నాడు పాతకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీను. మనిషిని పశువుతో పోల్చుకున్నన్నాళ్లూ అది బాగానే నిలబడింది, ఇప్పుడు పోటీ ఫోన్లోంచి వస్తోంది. అంతకన్నా నన్ను ఇబ్బంది పెట్టేది మా అమ్మమ్మ విషయం. మతిమరుపు ముదిరి, నన్ను చూసి "ఎవరి అబ్బాయివి నాయనా" అని అడుగుతుంది. బుద్ధే గుర్తయితే ఆమె లెక్కలోకి రాదు, ఫోను వస్తుంది. నేనొప్పుకోను.

రెండోది ఏలుబడి, 1:28లోని మాట. అమెరికాలో సదరన్ బాప్టిస్టులనే ప్రొటెస్టెంటు శాఖవాళ్ల నైతిక విభాగం 2019 ఏప్రిల్లో ఏఐ మీద 12 అంశాలతో ఒక ప్రకటన తెచ్చింది. సృష్టిని ఏలే బాధ్యత మనిషిదే, యంత్రానికి దాన్ని అప్పజెప్పకూడదు, దానికి మనిషి విలువా నైతిక బాధ్యతా అంటగట్టకూడదు అని దాని సారం. మేమూ బాప్టిస్టులమే కాబట్టి తల ఊపడం తేలిక. దీనిలో నాకు నచ్చేదొకటుంది: తమ్ముడు చదివిన ఒక వచనం నంబరు తప్పు, అడిగితే "ఏఐ ఇచ్చింది అన్నా" అన్నాడు. ఈ లెక్కలో ఆ సాకు చెల్లదు. కానీ విలువంతా పనిలో పెడితే, సూరత్ మిల్లులో పని పోయి ఇంటికొచ్చిన కుర్రాడికి ఏం చెబుతాం?

మూడోది బంధం. 20వ శతాబ్దంలో స్విట్జర్లాండు వేదాంతి కార్ల్ బార్త్ దీన్ని గట్టిగా పట్టుకున్నాడు. 2025 జనవరి 28న వాటికన్ ఏఐ మీద విడుదల చేసిన 'ఆంటీక్వా ఎత్ నోవా' అనే పత్రం కూడా, తెలివితేటల్ని, విజయాల్ని బట్టి మనిషి విలువ తేలదు, మనిషి ఒంటితో, సంబంధాలతో బతికేవాడు అంటుంది. బాప్టిస్టునై ఉండి క్యాథలిక్కుల పత్రానికి ఓటేస్తున్నానని మా పాస్టరుగారు నవ్వారు, నవ్వనీ. అమ్మమ్మ మమ్మల్ని మరిచినా దేవుడు ఆమెను మరవలేదు, మేమూ మరవలేదు. బంధం ఆమె వైపు తెగినా ఇటువైపు ఉంది. "ఏడ్చువారితో ఏడువుడి" అన్న బైబిలు మాటకు కన్నీళ్లు కావాలి, కన్నీళ్లకు ఒళ్లు కావాలి. ఫోను ఓదార్పు ప్రార్థన రాస్తుంది, చావింట్లో రాత్రంతా కూర్చోదు.

ఇదంతా చెప్పి గెలిచాననుకున్నాను. వెనక బెంచీలోంచి ఒక అక్క లేచింది, భర్త పోయి ఏడాది కాలేదు. "రాత్రి రెండింటికి నిద్ర పట్టకపోతే నాతో మాట్లాడేది ఆ ఫోనే తమ్ముడూ. మీరు నమ్మే బంధం ఆ టైముకి ఎక్కడుంటుంది?"

ఎవరం మాట్లాడలేదు. తర్వాత లెక్కేసుకుంటే, దసరా ముందు నుంచి ఆమె ఇంటికి సంఘంలో ఒక్కరూ వెళ్లలేదు, నాతో సహా.