కోనసీమ పల్లె దృశ్యాన్ని చిన్నగా చేసే బొమ్మ మోడల్‌కి నేల: కొబ్బరి పొట్టా, స్టాటిక్ గ్రాసా?

ఖర్చు: కొబ్బరి పీచు తీసే చోట అడిగితే పొట్టు సంచుల కొద్దీ దొరుకుతుంది. స్టాటిక్ గ్రాస్ అంటే జిగురు మీద నిలబెట్టే నకిలీ గడ్డి; దానికి నైలాన్ పోగులే కాదు, వాటిని నిలబెట్టే మిషన్ కూడా కొనాలి.

శ్రమ: పొట్టు కడిగి, ఎండబెట్టి, జల్లించాలి. కడగకపోతే నీళ్లు కలిపిన ఫెవికాల్ తగలగానే గోధుమ రంగు దిగుతుంది. నా కాలవగట్టు ఒకటి అలాగే పాడైంది.

రిస్క్: పొట్టు తడిగా ఉంటే బూజు. గడ్డి నిలబడేది స్థిర విద్యుత్తుతో. మన వానాకాలపు తేమలో చాలా పోగులు పడుకుంటాయి.

చూపు: 1:87 స్కేలులో 2 మి.మీ. పోగంటే అసలు కొలతలో 17 సెం.మీ. పైమాటే, అచ్చం అప్పుడే ఊడ్చిన నారు! పొట్టుకి ఎంత రంగేసినా అది వరి కాదు, మట్టే.

కొబ్బరితోట, పుంత, గట్టు అయితే పొట్టు చాలు. ఊడ్చిన చేనుకి గడ్డే, అదీ గాలి పొడిగా ఉన్న రోజు చూసుకుని.