మొదటి క్యాంపింగ్: అద్దె టెంటా, మామిడి తోటా, కొండెక్కడమా?

విజయవాడలో నలుగురు కుర్రాళ్లు ఒకచోట కూర్చుంటే ఇప్పుడు గండికోట మాట వస్తోంది, లేదంటే వంజంగి మాట. "టెంట్ కొందామా, అక్కడే అద్దెకు తీసుకుందామా?" అని నన్నూ అడుగుతుంటారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: రాత్రి రెండింటికి వాన పడి గానీ, భయమేసి గానీ ఇక ఉండలేం అనిపిస్తే ఎంతసేపట్లో ఇల్లు చేరతారు? మొదటి రాత్రి చేదు అనుభవమైతే చాలామంది రెండోసారి వెళ్లరు. అందుకే ఏ ఊరు బాగుంటుందన్న దానికంటే దీన్నే ముందు చూడమంటాను.

గండికోటలో, పాడేరు దగ్గరి వంజంగి చుట్టుపక్కల టెంట్లు వేసి సిద్ధంగా ఉంచుతారు. బట్టల సంచితో వెళ్తే చాలు, పరుపూ దుప్పటీ భోజనం వాళ్లే చూసుకుంటారు. ఆరుబయట నిద్ర తమకు సరిపడుతుందో లేదో తెలియనివాళ్లకు ఇది మంచి దారి. చంటిపిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే నేను కూడా దీనికే ఓటేస్తాను. కానీ శని, ఆదివారాల్లో టెంట్లు పక్కపక్కనే ఆనుకుని ఉంటాయి. నేను మొదటిసారి ఉన్న క్యాంపులో ఒంటిగంట దాకా స్పీకర్లు మోగాయి. పెన్నా లోయ మీద తెల్లవారడం ఇప్పటికీ కళ్లలోనే ఉంది, అయినా టెంట్ ఎలా నిలబెడతారో తెలియకుండానే తిరిగొచ్చాను. వంజంగికి డిసెంబరు, జనవరిలో వెళ్లేవాళ్లు మన బెజవాడ చలిని లెక్కలో వేసుకోవద్దు. ఒక్క స్వెటర్ అక్కడ ఏ మూలకీ రాదు.

రెండోది, నాకు బాగా నచ్చింది, తెలిసినవాళ్ల తోట. ఆగిరిపల్లి, నూజివీడు వైపు మనలో చాలామందికి ఎవరో ఒక చుట్టం మామిడి తోట ఉంటుంది. పక్కనే బండి, మోటారు షెడ్డు దగ్గర నీళ్లు, పిలిస్తే పలికే కాపలా మనిషి. అంతకంటే ఏం కావాలి?

మా బాబాయి తోటలో వేసిన మొదటి రాత్రి, తెల్లారి లేచేసరికి టెంట్ లోపలంతా తడి. కొత్త టెంట్ కారుతోందని బాధపడ్డాను. అసలు సంగతేమిటంటే చలికి భయపడి అన్ని జిప్పులూ బిగించేశాం. మా ఊపిరిలోని ఆవిరే చల్లటి గుడ్డకు తగిలి నీరైంది. మర్నాడు పైన గాలి కిటికీ తెరిచి పడుకుంటే తడి చాలావరకు తగ్గింది. కప్పుకునే దుప్పటి కంటే కింద వేసుకునేదే ముఖ్యమని తెలిసింది కూడా అక్కడే. ఒంట్లో వేడిని నేల లాగేస్తుంది, కాబట్టి చాప మీద మందపాటి బొంత పరవాలి. ఇద్దరి టెంట్ అని రాసి ఉంటే అందులో ఇద్దరు పడతారు, సంచులు పట్టవు. ముగ్గురిది తీసుకోండి. చీకటి పడకముందే వేసేయండి. ఎండుకొమ్మల కింద, తాటిచెట్ల కింద వద్దు.

పాముల భయం అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. చాలాసార్లు నొప్పి కూడా పెద్దగా తెలియదు. అందుకే దోమతెర జిప్పు ఎప్పుడూ వేసే ఉంచాలి, టార్చి లేకుండా అడుగు బయట పెట్టకూడదు, బూట్లు దులిపి తొడుక్కోవాలి. కాటు పడిందంటే కోయడం, గట్టిగా కట్టడం, నాటుమందు ఏదీ వద్దు. 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉండే పెద్దాసుపత్రికి వెళ్లాలి. టెంట్‌లోకి బొగ్గుల కుంపటి గానీ స్టవ్ గానీ తేవద్దు. కారులో ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని ఏసీ వేసుకుని నిద్రపోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వీపున సంచి వేసుకుని కొండెక్కి పడుకోవడం మూడోది. మొదటిసారికి వద్దనే అంటాను. టెంట్ మూడు కిలోలు, ఇద్దరికి ఒక రాత్రికి నీళ్లే ఆరేడు లీటర్లు, అంటే మరో ఆరేడు కిలోలు. రిజర్వు అడవిలో రాత్రి ఉండాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, అక్కడ మంట వేయడం నేరం. నల్లమల పులుల అభయారణ్యం, ఇష్టమొచ్చిన చోట టెంట్ వేస్తామంటే కుదరదు. అంత కోరికగా ఉంటే బైర్లూటి లాంటి అటవీశాఖ క్యాంపులో గది తీసుకోండి. ఈలోగా నిండు సంచితో పగటిపూట కొండపల్లి ఖిల్లా ఎక్కి దిగండి. భుజాలు ఏమంటాయో తెలుస్తుంది.

బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్ ఇసుకలో టెంట్ మామూలు మేకులు నిలవవు, సంచుల్లో ఇసుక నింపి పాతి తాళ్లు కట్టాలి. అది రెండోసారికి దాచుకోండి. కృష్ణా నది మధ్యలోని లంకల మీద మాత్రం ఎప్పుడూ వద్దు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది మనం చూశాం. అంత వరద రాకపోయినా, ఎగువన నీళ్లు వదిలితే నిద్రలో ఉన్నవాళ్లకు తెలిసేలోపే లంక మునుగుతుంది.

తోట దొరికితే తోటకే వెళ్లండి. తుపాన్ల హడావుడి తగ్గాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. అది మామిడి పూత కాలం కూడా. అందుకని బాబాయికి ఫోన్ చేసినప్పుడు పురుగుమందు ఎప్పుడు కొట్టారో, మళ్లీ ఎప్పుడు కొడతారో అడిగి, దానికి దూరంగా ఒక శనివారం చూసుకోండి.